పట్టపగలు పెట్రోలు బంకులో

1988లో నెదర్లాండ్స్ తన తరఫున ఆస్కార్ పోటీకి ఒక సినిమాను పంపింది. అకాడమీ దాన్ని తీసుకోలేదు. సినిమా బాగోలేక కాదు, అందులో డచ్ మాటల కంటే ఫ్రెంచ్ మాటలే ఎక్కువగా ఉన్నాయని. దాని బదులు మరొకటి పంపడానికి డచ్ వాళ్లు ఒప్పుకోలేదు. ఆ సినిమా పేరు 'స్పోర్లోస్', జాడ లేకుండా పోవడమని అర్థం. బయటి ప్రపంచానికి 'ది వానిషింగ్' అన్న పేరుతో తెలిసింది. అకాడమీ నిబంధన అకాడమీది. కానీ ఆ ఫ్రెంచ్ మాటలు తీసేస్తే కథే మిగలదు. సరిగా పట్టుబడని పరాయి భాషలో ఒక అమ్మాయి ముచ్చటపడి నాలుగు ముక్కలు మాట్లాడటమే ఆమె ప్రాణం మీదికి తెస్తుంది.

రెక్స్, సస్కియా అనే డచ్ జంట కారు మీద సైకిళ్లు కట్టుకుని సెలవులకు ఫ్రాన్సు బయల్దేరుతుంది. వేసవి వస్తే డచ్ కుటుంబాలు వేలకొద్దీ ఇలా దక్షిణాదికి సాగిపోతాయి. రోడ్లు కిక్కిరిసిపోయే ఆ రోజును వాళ్లు 'నల్ల శనివారం' అంటారు. సంక్రాంతి ముందు పంతంగి టోల్‌గేటు దగ్గర ఇరుక్కున్నవాళ్లకు ఆ రద్దీని వేరే వర్ణించక్కర్లేదు. దారిలో ఒక సొరంగంలో కారు పెట్రోలు అయిపోయి ఆగిపోతుంది. వెనకనుంచి లారీలు దూసుకొస్తుంటాయి. సస్కియా బెదిరిపోతుంది, వద్దని అరుస్తుంది. రెక్స్ వినకుండా ఆమెను ఆ చీకట్లో వదిలేసి డబ్బా పట్టుకుని వెళ్లిపోతాడు. తిరిగి వచ్చేసరికి కారులో ఎవరూ ఉండరు. సొరంగం అవతలి కొసన వెలుతురులో ఆమె నిలబడి ఉంటుంది. కోపం, అలక, ఆ తర్వాత రాజీ. ఏ జంటకైనా ప్రయాణాల్లో మామూలే.

ఆ గొడవకు కాస్త ముందు ఆమె తనకు వచ్చిన కల చెబుతుంది. ఒక బంగారు గుడ్డులో తను బందీ. బయటికి దారి లేదు, శూన్యంలో ఒంటరిగా తేలుతూ ఉంటుంది. ఈసారి కలలో రెండో గుడ్డు కూడా కనిపించిందట. అవి రెండూ ఢీకొంటే అంతా అయిపోతుందట.

తర్వాతి మజిలీ నీమ్ పట్టణం దగ్గర హైవే పక్కన పెట్రోలు బంకు. మిట్టమధ్యాహ్నం. పిల్లలు ఆడుకుంటున్నారు, జనం తింటున్నారు, రేడియోలో టూర్ ద ఫ్రాన్స్ సైకిల్ పందెం వ్యాఖ్యానం నడుస్తోంది. నన్నెప్పుడూ వదిలి వెళ్లనని ఒట్టు వెయ్యమంటుంది సస్కియా. వేస్తాడు. గుర్తుగా ఇద్దరూ చెట్టు మొదట్లో రెండు నాణేలు పాతిపెడతారు. చల్లగా తాగడానికి ఏమైనా తెస్తానని ఆమె లోపలికి వెళుతుంది. అంతే. మళ్లీ కనిపించదు.

ఇక్కడిదాకా కథ చెబితే చాలామందికి తర్వాత ఏం జరుగుతుందో తెలిసిపోయినట్టే అనిపిస్తుంది: వెతుకులాట, పోలీసులు, అనుమానితులు, చివర్లో ముసుగు తొలగిన హంతకుడు. దర్శకుడు జార్జ్ స్లౌజర్ ఆ సరదా ముందే తీసేస్తాడు. అమ్మాయి మాయమవడానికి ముందే, అదే బంకు దగ్గర, ఒకాయన తన కారులో కూర్చుని బాగున్న చేతికి దొంగ కట్టు కట్టుకుంటూ కనిపిస్తాడు. ఎవరు చేశారన్నది సినిమా మొదట్లోనే తేలిపోయింది. అయినా ప్రేక్షకుడు కుర్చీలోంచి కదలడు. ఎందుకు కదలడన్నదే ఈ సినిమాకు అసలు విషయం.

ఆయన పేరు రేమండ్ లెమోర్న్. రసాయనశాస్త్రం చెప్పే మాస్టారు. భార్య, ఇద్దరు కూతుళ్లు, ఊరి బయట ఒక పాత ఇల్లు. ఈ పాత్ర వేసిన ఫ్రెంచ్ నటుడు బెర్నార్ పియేర్ దొనద్యూ ముఖంలో దుర్మార్గం ఛాయ కూడా ఉండదు. గడ్డం సవరించుకుంటూ, బడ్జెట్ లెక్కలేసుకునే గృహస్థులా ఉంటాడు. మత్తుమందు తన మీద తనే ప్రయోగించుకుని, స్పృహ తప్పి మళ్లీ వచ్చేదాకా ఎన్ని నిమిషాలు పట్టిందో రాసుకుంటాడు. ఖాళీ కారులో లేని అమ్మాయిని కూర్చోబెట్టి, తలుపు ఎలా వేయాలో, రుమాలు ఎప్పుడు తీయాలో సాధన చేస్తాడు. తర్వాత తన నాడి తనే పట్టి చూసుకుంటాడు. ఇంటి దగ్గర భోజనాల వేళ సాలెపురుగు కనిపించి కూతురు కెవ్వుమంటే, దాన్ని అందరూ కలిసి అరిచే ఆటగా మార్చేస్తాడు. ఆనక పక్కింటాయన్ని ఏమైనా వినిపించిందా అని వాకబు చేస్తాడు. కారు మీటరు పెరుగుతోందని భార్య అనుమానిస్తుంది. ఇంకో ఆడమనిషి ఉందేమోనని ఆమె గుబులు.

నవ్వొస్తుంది. నిజంగానే వస్తుంది, ఎందుకంటే ఆయన పథకాలు ఒకటి తర్వాత ఒకటి బోర్లా పడుతుంటాయి. మందు పోసిన రుమాలులోకే పొరపాటున తుమ్మే ఘట్టం హాస్యచిత్రంలో పెట్టినా అతికేది. స్లౌజర్ చేసిన గడుసు పని ఇది. నవ్విన ప్రతిసారీ ప్రేక్షకుడు ఆయన పని సవ్యంగా జరగాలని కొద్దిగానైనా కోరుకున్నవాడవుతాడు. ఆ సంగతి తర్వాత గుర్తొచ్చి ఒళ్లు జలదరిస్తుంది.

సినిమాకు మూలం 1984లో టిమ్ క్రాబే రాసిన 'బంగారు గుడ్డు' అనే చిన్న నవల. నెదర్లాండ్స్‌లో బడిపిల్లలు విరివిగా చదివే పుస్తకాల్లో ఇదొకటి. క్రాబే గట్టి చదరంగం ఆటగాడు, పోటీల్లో తొక్కిన సైక్లిస్టు కూడా. 1978లో ఆయన రాసిన 'డి రెన్నర్'ను సైకిల్ పందేల మీద వచ్చిన గొప్ప పుస్తకాల్లో ఒకటిగా లెక్కిస్తారు. చదరంగం ఆడేవాడి చెయ్యి ఈ కథలో తెలుస్తుంది. ఎక్కడా బలప్రయోగం లేదు. ఎదుటివాడు తనంతట తానే వచ్చి ఏ గడిలో నిలబడతాడో ముందే తెలుసుకోవడం ఒక్కటే ఉంది. సస్కియా విషయంలో ఎర చాలా చిన్నది. లెమోర్న్ తాళాల గుత్తికి 'ఆర్' అక్షరం ఉంటుంది. రెక్స్‌కి అలాంటిదొకటి కొనివ్వాలని ఆమె ఆశపడుతుంది. ఆమెను కారు దాకా నడిపించింది కత్తి కాదు, ప్రేమించినవాడికి కానుక ఇవ్వాలన్న కోరిక. ప్రేమకథల్లో ఇంత క్రూరమైన మలుపు మరొకటి దొరకడం కష్టం.

ఇక్కడినుంచి సినిమా చివర కూడా చర్చలోకి వస్తుంది. అది తెలియకుండా చూడాలనుకునేవారు పత్రిక పక్కనపెట్టి, సినిమా చూశాక మిగతాది చదవవచ్చు.

మూడేళ్లు గడుస్తాయి. రెక్స్ అప్పులు చేసి నీమ్‌లో గోడలకు ఆమె ఫొటోలు అంటిస్తూనే ఉంటాడు. లీనెకె అనే మరో అమ్మాయి అతని జీవితంలోకి వచ్చింది. ఎంత ఓర్చుకున్నా కనబడని మనిషితో పోటీ పడలేక వెళ్లిపోతుంది. ఆమెతో రెక్స్ ఒకసారి మనసు విప్పుతాడు. సస్కియా ఎక్కడో సుఖంగా బతికే ఉందని, ఆ సంగతి తనకెన్నటికీ తెలియదని ఊహించుకుంటాడట. లేదంటే ఆమె చనిపోతుంది, తనకు తెలుస్తుంది. ఈ రెండింట్లో ఏదో ఒకటి ఎంచుకోవాలి. ఊహలో ప్రతిసారీ అతను ఆమెను చనిపోనిస్తాడు. సినిమా మొత్తంలో అన్నిటికన్నా భయంకరమైన మాట ఇదే, అన్నది హంతకుడు కాదు.

వియత్నాం యుద్ధంలో గల్లంతైన అమెరికన్ పైలట్ల కుటుంబాల మధ్య పనిచేసిన పౌలిన్ బాస్ అనే మనస్తత్వవేత్త 1970లలోనే ఇలాంటి స్థితికి ఒక పేరు పెట్టారు: తేలని నష్టం. మనిషి లేడు, పోయాడన్న రుజువూ లేదు. అలాంటి ఇంట్లో దుఃఖం మొదలూ కాదు, ముగియనూ ముగియదు. దినం పెట్టలేరు, అలాగని ఆశ పెట్టుకుని కూర్చోనూ లేరు. ఇది ఆ మనుషుల బలహీనత కాదని, వాళ్లున్న పరిస్థితే అలాంటిదని ఆమె వాదన. 2001లో న్యూయార్క్ జంట భవనాలు కూలినప్పుడు ఆత్మీయుల భౌతికకాయాలు కూడా దొరకని కుటుంబాలతోనూ ఆమె పనిచేశారు. రెక్స్‌ని పిచ్చివాడని తేల్చేసే విమర్శకులు ఆమె పుస్తకం ఒకసారి తిరగేస్తే బాగుండేది.

చట్టాలకు కూడా ఈ గందరగోళం తెలుసు, కాబట్టే ఆచూకీ లేని మనిషిని చనిపోయినట్టు లెక్కించడానికి గడువులు పెట్టాయి. నెదర్లాండ్స్‌లో మామూలుగా ఐదేళ్లు. ఫ్రాన్సులో మనిషి ఆచూకీ లేదని న్యాయస్థానం నమోదు చేశాక మరో పదేళ్లు. మన దగ్గర 1872 నాటి సాక్ష్య చట్టం 108వ సెక్షన్ ఏడేళ్లు అంది. 2024 జులై 1 నుంచి దాని స్థానంలోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్ కూడా ఆ ఏడేళ్లనే ఉంచింది. బీమా సొమ్ము కోసమో, పింఛను కోసమో, వారసత్వం కోసమో ఆ గడువు దాటేదాకా ఆగిన ఇళ్లు తెలుగునాట కూడా ఉన్నాయి. కోర్టు కాగితం చేతికొస్తే బ్యాంకు పని అవుతుంది. అర్ధరాత్రి గేటు చప్పుడైతే లేచి చూడటం మాత్రం ఆ కాగితంతో ఆగదు.

రెక్స్ బలహీనత ఎక్కడుందో లెమోర్న్‌కి ఆ పోస్టర్లే చెప్పాయి. ఉత్తరాలు రాసి ఫలానా చోటికి రమ్మంటాడు, అతను వచ్చి ఎదురుచూస్తుంటే దూరంగా కూర్చుని గమనిస్తాడు. టీవీలో రెక్స్ మాట్లాడటం చూస్తాడు: పగ వద్దు, శిక్ష వద్దు, ఏం జరిగిందో చెబితే చాలు. అప్పుడు తనే ఆమ్‌స్టర్‌డామ్ వచ్చి రెక్స్ ముందు నిలబడతాడు. రెక్స్ కొడతాడు. లెమోర్న్ కొట్టించుకుంటాడు. పోలీసులకు పట్టిస్తే పట్టించు, నిజం మాత్రం నీకెన్నటికీ తెలియదంటాడు. ఆ తర్వాత ఇద్దరూ ఒకే కారులో ఫ్రాన్సుకి ప్రయాణం కడతారు. దారి పొడవునా లెమోర్న్ తన కథ చెబుతాడు. పదహారేళ్ల వయసులో బాల్కనీ అంచున నిలబడి, దూకాలని అందరికీ అనిపిస్తుంది గానీ ఎవరూ దూకరు కదా అని ఆలోచించి, దూకేశాడట. పెద్దయ్యాక నీళ్లలో మునిగిపోతున్న ఓ పాపను కాపాడితే కూతుళ్లు దేవుడిలా చూశారట. ఇంత మంచి చేయగలిగినవాడు అంతే చెడు కూడా చేయగలడో లేదో పరీక్షించుకోవాలి కదా, అన్నది ఆయన లెక్క. కోపం లేదు, కామం లేదు, పేదరికం లేదు, చిన్ననాటి గాయం లేదు. సమాజం మీద నెపం వేయడానికి ప్రేక్షకుడికి ఒక్క ఆధారం కూడా దొరకదు.

చివరికి అదే బంకు, ఈసారి రాత్రి. ఫ్లాస్కులో మత్తు కలిపిన కాఫీ. ఇది తాగితే ఆమెకు జరిగిందే నీకూ జరుగుతుంది, అప్పుడు తెలుస్తుంది, అంటాడు లెమోర్న్. తాగకపోతే ఇంటికి వెళ్లిపోవచ్చు. రెక్స్ పిచ్చిగా పరుగెత్తి, చెట్టు మొదట్లో తవ్వుతాడు. నాణేలు అక్కడే ఉన్నాయి. తిరిగొచ్చి తాగుతాడు. కళ్లు తెరిచేసరికి పెట్టెలో ఉంటాడు, పైన మట్టి.

సినిమాను తప్పుపట్టేవారు ఈ చోటే పట్టుకుంటారు: తెలివున్నవాడెవడైనా ఆ కాఫీ తాగుతాడా? న్యాయమైన ప్రశ్నే. జవాబు తెర ముందు కూర్చున్నవాళ్లలో ఉంది. అప్పటికి గంటన్నర దాటింది. సస్కియాకు ఏమైందో ఇంకా చెప్పలేదు. రెక్స్ కప్పు విసిరికొట్టి ఇంటికి వెళ్లిపోతే సినిమా అక్కడితో అయిపోతుంది, ప్రేక్షకుడికి ఆ సంగతి ఎప్పటికీ తెలియదు. అంచేత హాల్లో ఉన్న ప్రతి ఒక్కరూ లోలోపల అతను తాగాలనే కోరుకుంటారు. లెమోర్న్ వేసిన ఉచ్చు రెక్స్ ఒక్కడికే కాదు. ఈ సినిమాను మామూలు థ్రిల్లర్లనుంచి వేరు చేసేది ఆ పెట్టె కాదు, ఆ పెట్టెలోకి దారి వేసిన కుతూహలం. అందులో ప్రేక్షకుడి వాటా కూడా ఉంది.

ఈ కుతూహలం ఎక్కడిదాకా తీసుకెళ్లగలదో నెదర్లాండ్స్‌లో మరో ఉదాహరణ ఉంది. పేరు కూడా 'స్పోర్లోస్'. అయితే ఇది 1990లో మొదలైన టీవీ కార్యక్రమం. చిన్నప్పుడు దత్తత వెళ్లినవాళ్లకు, విడిపోయినవాళ్లకు రక్తసంబంధీకులను వెతికిపెట్టేది. ఏళ్లతరబడి కన్నీళ్లు, కౌగిలింతలు. 2022లో మరో టీవీ జర్నలిస్టు తవ్వితే, కొలంబియానుంచి దత్తత వచ్చిన కొందరికి ఈ కార్యక్రమం చూపించిన కుటుంబాలు అసలు వాళ్లవే కావని బయటపడింది. ఎవరినో అమ్మ అనుకుని హత్తుకుని, ఏళ్లపాటు ఆ బంధం నడిపిన మనుషులు వీళ్లు. జవాబు కోసం ఎంతకైనా తెగించేవాడి చేతిలో ఏ జవాబు పెట్టినా తీసుకుంటాడని లెమోర్న్‌కి తెలిసినట్టే, ఆ కుటుంబాలను టీవీకి వెతికిపెట్టిన మధ్యవర్తికీ తెలిసే ఉండాలి.

ఇప్పుడు 1993కి రావాలి. హాలీవుడ్ ఈ కథను మళ్లీ తీసింది. దర్శకుడు వేరెవరో కాదు, స్లౌజరే. జెఫ్ బ్రిడ్జెస్, కీఫర్ సదర్లాండ్, శాండ్రా బుల్లక్, నాన్సీ ట్రావిస్. ఇందులో రెండో ప్రియురాలు వచ్చి హీరోను మట్టిలోంచి బయటికి తీస్తుంది. విలన్ పార దెబ్బకు చస్తాడు. చివర్లో హోటల్లో కాఫీ మీద ఒక జోకు. విమర్శకుడు రోజర్ ఈబర్ట్ ఒకే ఒక్క నక్షత్రం విదిల్చాడు. అది కూడా ఎక్కువే. విషాదాంతం ఒక్కటే గొప్పదని కాదు, శుభం కార్డు పడ్డ మంచి థ్రిల్లర్లు బోలెడు. సరిగ్గా 'స్పోర్లోస్' వచ్చిన ఏడాదే రోమన్ పొలాన్‌స్కీ 'ఫ్రాంటిక్' తీశాడు. ప్యారిస్ హోటల్లో హారిసన్ ఫోర్డ్ భార్య మాయమవుతుంది. భర్త వెతికి వెతికి ఆమెను తిరిగి తెచ్చుకుంటాడు. అదేమీ తప్పనిపించదు, ఎందుకంటే అది మొదటినుంచీ వెతుకులాట కథ. 'స్పోర్లోస్' వెతుకులాట కథ కాదు. తెలుసుకోవడానికి ఎంత మూల్యం చెల్లిస్తావని అడిగే కథ. పైసా చెల్లించనక్కర్లేదని చివర్లో చేతులు దులిపేసుకుంటే ఆ ప్రశ్న అడగడమే దండగ.

అటు చివర ఇంకో సినిమా ఉంది. 1960లో ఆంటోనియోని తీసిన 'లావెంతూరా'లో అన్నా అనే అమ్మాయి సిసిలీ దగ్గర ఒక రాతి దీవిలో మాయమవుతుంది. సినిమా అయిపోయేదాకా ఆమె దొరకదు, ఏమైందో ఎవరూ చెప్పరు. పైగా మిగతా పాత్రలు కొద్దికొద్దిగా ఆమెను మరచిపోతారు. కాన్ ఉత్సవంలో జనం గోల చేసి ఈలలు వేశారు, జ్యూరీ మాత్రం బహుమతి ఇచ్చింది. ప్రేక్షకుడి కుతూహలాన్ని ఆంటోనియోని పట్టించుకోలేదు, పొలాన్‌స్కీ తీర్చాడు. స్లౌజర్ మూడో దారి పట్టాడు: అడిగింది ఇచ్చాడు, ఎందుకు అడిగానా అనిపించేలా.

మన ప్రేక్షకుడు ఈ కథకు మరీ కొత్తవాడేం కాదు. 2014లో వెంకటేశ్ 'దృశ్యం' వచ్చింది. అంతకుముందు ఏడాది జీతు జోసెఫ్ తీసిన మలయాళ చిత్రానికి శ్రీప్రియ చేసిన తెలుగు రూపం. అక్కడా ఒక మనిషి మాయమయ్యాడు, అక్కడా మట్టి కింద ఒక రహస్యం ఉంది. తేడా ఏమిటంటే హాలంతా దాచిపెట్టినవాడి పక్షాన నిలబడి చప్పట్లు కొట్టింది. కథ అలా నిలబెట్టింది, మాయమైన ఆ కుర్రాడు చేసింది కూడా తక్కువ నేరం కాదు. అయినా చివర్లో ఆ కుర్రాడి తల్లిదండ్రులు వెంకటేశ్ వేసిన రాంబాబు ఎదుట నిలబడి, మా అబ్బాయి ఏమయ్యాడో చెప్పమని ప్రాధేయపడే ఘట్టం 'స్పోర్లోస్' చూశాక మరోసారి చూడాలి. పోలీసు ఐజీగా కొట్టించిన మనిషి కాదు అక్కడున్నది, రెక్స్ అడిగిందే అడుగుతున్న తల్లి. ఆ తల్లి పాత్రలో నదియా ఆ ఘట్టంలో చేసిన నటనకు దక్కాల్సిన పేరు దక్కలేదు.

'స్పోర్లోస్' మీద ఒక ఆక్షేపణను మాత్రం ఒప్పుకోవాలి. సస్కియా ఎలా మాయమైందో సినిమా కూడా ఆమెను అలాగే మాయం చేసేస్తుంది. హంతకుడి బాల్యం తెలుస్తుంది, కూతుళ్లు తెలుస్తారు, నాడి ఎంత కొట్టుకుందో కూడా తెలుస్తుంది. ఆమె ఏం చదివింది, ఎక్కడ పనిచేసింది, ఇంట్లో ఎవరున్నారు? ఏమీ చెప్పరు. నేరాల మీద వచ్చే పుస్తకాలు, సిరీస్‌లు ఈనాటికీ మానని దురలవాటు ఇది. నేరస్థుడు కథానాయకుడవుతాడు, బాధితురాలు ఫొటోగా మిగులుతుంది. ఈ సినిమాలో ఆ లోటును చాలావరకు పూడ్చింది నటి యోహన్నా తెర్ స్టేగె. ఆమెకు ఇదే మొదటి సినిమా. తెర మీద ఉండేది కాసేపే. ఆ కాసేపట్లోనే పోట్లాడుతుంది, నవ్వుతుంది, తప్పుల తడక ఫ్రెంచ్‌తో గర్వపడుతుంది. ఆమె వెళ్లిపోయాక తెర బోసిపోయినట్టు అనిపించకపోతే రెక్స్ వేదన ఎవరికీ ఎక్కేది కాదు. 1988లో మొదటిసారి ఇచ్చిన యూరోపియన్ ఫిల్మ్ అవార్డుల్లో ఆమె ఉత్తమ సహాయ నటి. నెదర్లాండ్స్ చలనచిత్రోత్సవంలో సినిమాకు 'గోల్డెన్ కాఫ్' దక్కింది.

స్టాన్లీ కుబ్రిక్ ఈ సినిమాను పదే పదే చూసి, తాను చూసిన వాటిలో ఇంత భయపెట్టింది లేదని తనతో చెప్పినట్టు స్లౌజర్ తర్వాత చెప్పేవారు. మీ 'ది షైనింగ్' కంటేనా అని అడిగితే, దీని ముందు అదెంత అన్నారట. దర్శకుడు తన గురించి తాను చెప్పుకున్న కబురు గనక కొంత తగ్గించి వినవచ్చు. తగ్గించలేనిది ఒకటుంది. నాజీల కాలంలోని యూదుల కథతో తలపెట్టిన 'ఆర్యన్ పేపర్స్'కు కుబ్రిక్ తెర్ స్టేగెనే ఎంచుకున్నారు. స్పీల్‌బర్గ్ 'షిండ్లర్స్ లిస్ట్' రావడంతో 1993లో ఆ సినిమా ఆగిపోయింది. తీయని ఆ సినిమా కోసం ఆమెకు దుస్తులు వేసి తీసిన ఫొటోల ఆధారంగా, 2009లో జేన్, లూయీజ్ విల్సన్ అనే అక్కచెల్లెళ్లు ఒక కళాప్రదర్శన చేశారు. అందులో తెర్ స్టేగె స్వయంగా కనిపిస్తారు.

1993 స్లౌజర్‌కి మరో విధంగా కూడా కలిసిరాని ఏడాది. హాలీవుడ్ రీమేక్ తర్వాత ఆయన 'డార్క్ బ్లడ్' మొదలుపెట్టారు. హీరో రివర్ ఫీనిక్స్. చిత్రీకరణ మరికొన్నాళ్లలో పూర్తవుతుందనగా, అక్టోబరు 31న ఫీనిక్స్ 23 ఏళ్ల వయసులో మాదకద్రవ్యాల వల్ల మరణించాడు. సినిమా బీమా కంపెనీ గోదాములోకి చేరింది. దాన్ని నాశనం చేయబోతున్నారని తెలిసి 1999లో స్లౌజర్ ఆ రీళ్లను దక్కించుకున్నారు. 2007లో రక్తనాళం చిట్లి చావు అంచుదాకా వెళ్లొచ్చాక, ఉన్నంతవరకు కూర్చారు. 2012లో ఉట్రెక్ట్ చిత్రోత్సవంలో చూపించారు. తీయని సన్నివేశాలను ఏం చేశారన్నది గమనించాల్సింది. కంప్యూటర్ మాయ చేయలేదు, మరో నటుణ్ని పెట్టలేదు. ఆ చోట బొమ్మ ఆపేసి, ఇక్కడ జరగాల్సింది ఇదని తన గొంతుతోనే చదివి వినిపించారు. 1993లో స్టూడియో కోసం ఖాళీని మట్టితోనో పారతోనో పూడ్చిన మనిషి, చివరి దశలో ఖాళీని ఖాళీగానే చూపించారు. 2014 సెప్టెంబరులో ఆమ్‌స్టర్‌డామ్‌లో కన్నుమూశారు. ఆయన జీవితంలో పశ్చాత్తాపం లాంటిది ఎక్కడైనా ఉందీ అంటే అది 'డార్క్ బ్లడ్'లో ఉంది.

తెలుగులో ఇప్పుడు థ్రిల్లర్లకు కరువు లేదు. నేపథ్య సంగీతం చెవులు గింగురుమనిపిస్తుంది, ప్రతి పావుగంటకూ ఒక మలుపు తిరుగుతుంది, చివర్లో హంతకుడికి ఒక విషాద ఫ్లాష్‌బ్యాక్ తగిలించి అతన్నీ కాస్త కడిగేస్తారు. ఈ పద్ధతికి అలవాటుపడ్డ రచయితలు, దర్శకులు 'స్పోర్లోస్'ను ఒకసారి కాగితం, పెన్ను పట్టుకుని చూడాలి. మలుపు దాచకుండా ఉత్కంఠ ఎలా నిలబడుతుందో, ఎండలో, జనం మధ్య, కూల్‌డ్రింకు కొనే నిమిషంలో భయం ఎలా పుడుతుందో అందులో ఉంది. కాపీ కొట్టమని కాదు. కొట్టాల్సివస్తే కనీసం ముగింపు మార్చవద్దు. ఆ ప్రయోగం మూలకర్త చేతుల్లోనే చెడింది.

వెతికి చూడాలనుకునేవారికి ఒక జాగ్రత్త. 'ది వానిషింగ్' పేరుతో కనీసం మూడు సినిమాలున్నాయి. 2018లో జెరార్డ్ బట్లర్ నటించినది స్కాట్లండ్ లైట్‌హౌస్ కాపలాదారుల కథ, దీనితో సంబంధం లేదు. 1993 నాటిది ఇదే దర్శకుడు తీసిన హాలీవుడ్ రీమేక్, సమయం వృథా. చూడాల్సింది 1988 నాటిది: 107 నిమిషాలు, డచ్, ఫ్రెంచ్ మాటలు, కింద సబ్‌టైటిళ్లు. పిల్లలు నిద్రపోయాకే చూడండి.